ఒక రోజు బస్సు యాత్ర – ఎంపిక ఎలా?



ఈనాటి మన అంశం మీ పాఠ్యపుస్తకాల్లో విడిగా ఒక అధ్యాయంగా కనిపించదు. అయినా భూగోళం, గణితం, పౌరశాస్త్రం మూడూ ఇందులో కలుస్తాయి. ప్రకృతి తీర్చిన ఒక విశేషాన్ని చూడడానికి ఉదయం బస్సులో బయలుదేరి, రాత్రికి ఇల్లు చేరాలి. ఇలాంటి యాత్రలు రెండు మూడు మన ముందున్నప్పుడు దేన్ని ఎంచుకోవాలి? ఏ ఆధారంతో ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు ఈరోజు సమాధానం వెతుకుదాం.

ఉదాహరణగా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని, అందులోని గోల్‌బజార్‌ను తీసుకుందాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడ వర్క్‌షాపు వెలసినప్పుడు నేటి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పనికోసం వచ్చి స్థిరపడ్డాయి. వారి మనవలు, మునిమనవలు నేటికీ ఇక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్య ఒక ముఖ్య కారణం.

రైల్వే కుటుంబంలో నాన్నకు పగటి డ్యూటీ ఉంటే బాబాయికి రాత్రి డ్యూటీ ఉంటుంది. పిల్లలకు పరీక్షలు. అందరికీ ఒకేరోజు తీరిక దొరకడం అరుదు. కార్తీకమాసంలో వనభోజనాలకో, సంక్రాంతి సెలవుల్లోనో ఒక రోజు కుదురుతుంది. ఆ ఒక్క రోజును, యాభై మంది డబ్బును, నానమ్మ నుంచి ఒకటో తరగతి పాప వరకూ అందరి ఓపికను ఒక బస్సులో పెడతాం. కనుక ఎంపిక చిన్న విషయం కాదు.

1. మన ముందున్న మూడు దారులు

మొదటిది గన్‌గని. ఇది పశ్చిమ మేదినీపూర్ జిల్లా గడ్‌బేతా దగ్గర, శిలావతి నది ఒడ్డున ఉంది. స్థానికులు ఈ నదిని శిలాయి అని కూడా పిలుస్తారు. ఎర్రని జేగురు నేలను వాననీరు, నది కలిసి కోసి లోయలుగా, గోడలుగా, స్తంభాలుగా మలచాయి. ఖరగ్‌పూర్ నుంచి మేదినీపూర్, సాల్బనీ మీదుగా సుమారు 65 కిలోమీటర్లు.

రెండవది చాందీపూర్. ఇది ఒడిశాలో, బాలేశ్వర్ పట్టణానికి 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీరం. ఆటు సమయంలో సముద్రం ఇక్కడ దాదాపు 5 కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుంది. మళ్లీ పోటు వేళకు తిరిగి ఒడ్డు చేరుతుంది. ఖరగ్‌పూర్ నుంచి బేల్దా, దాంతన్, జలేశ్వర్ మీదుగా సుమారు 135 కిలోమీటర్లు. ఇందులో ఎక్కువ భాగం జాతీయ రహదారి 16. అదే దారిని పట్టుకుని పోతే శ్రీకాకుళం, విశాఖపట్నం వస్తాయి.

మూడవది పోస్టర్ మీద 'ఒకే రోజులో ఐదు ప్రదేశాలు' అని రాసి ఉండే రకం. ఝార్‌గ్రామ్ రాజభవనం, డులుంగ్ నది ఒడ్డున చిల్కిగఢ్ కనకదుర్గ ఆలయం, బేల్‌పహాడీ కొండలు, ఘాగ్రా జలపాతం, ఖాందారాణి చెరువు. చుట్టి వస్తే సుమారు 190 కిలోమీటర్లు అనుకుందాం.

పోస్టర్ చూసిన వెంటనే చాలామంది మూడవదానికే మొగ్గుతారు. అదే డబ్బుకు ఐదు ప్రదేశాలు వస్తున్నాయి కదా అంటారు. ఈ లెక్క సరైనదో కాదో పరీక్షిద్దాం.

2. చేతికి మిగిలే గంటలు

యాత్రను కిలోమీటర్లతోనో, ప్రదేశాల సంఖ్యతోనో కొలవకూడదు. ఆ స్థలంలో నిలబడి చూడడానికి మనకు మిగిలే గంటలతో కొలవాలి. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి:

మిగిలే సమయం = మొత్తం సమయం – ప్రయాణం – భోజనాలు – ఎక్కడం, దిగడం.

ఉదయం 6 గంటలకు గోల్‌బజార్‌లో బయలుదేరి సాయంత్రం 7 గంటలకు తిరిగి చేరాలనుకుందాం. మొత్తం 13 గంటలు. టిఫిన్, భోజనం కలిపి గంటన్నర తీసేద్దాం. మిగిలింది పదకొండున్నర గంటలు.

ఇక ఎక్కడం, దిగడం. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. బస్సులో 50 మంది ఉన్నారు. ఒక్కొక్కరు దిగడానికి 10 సెకన్లు పట్టినా 500 సెకన్లు, అంటే 8 నిమిషాల పైన. ఎక్కడానికి మరో 8 నిమిషాలు. తలలు లెక్కపెట్టడం, టీ కొట్టు దగ్గర ఆగిపోయిన మామయ్యను పిలుచుకురావడం కలిపితే ఒక ప్రదేశానికి 25 నిమిషాలు ఖాయం.

ఇప్పుడు మూడు దారులకూ లెక్క వేద్దాం. బస్సు సగటు వేగం జిల్లా దారుల్లో గంటకు 35, జాతీయ రహదారి మీద 40 కిలోమీటర్లు అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు. మీ ఊరి రోడ్డును బట్టి మార్చుకోండి.

గన్‌గనికి రానుపోను 130 కిలోమీటర్లు, దాదాపు 4 గంటలు. ఎక్కడం, దిగడం అరగంట. మిగిలేది 7 గంటలు.

చాందీపూర్‌కు రానుపోను 270 కిలోమీటర్లు, దాదాపు 7 గంటలు. ఎక్కడం, దిగడం అరగంట. మిగిలేది 4 గంటలు.

ఐదు ప్రదేశాల యాత్రకు ప్రయాణం ఐదున్నర గంటలు. ఎక్కడం, దిగడం ఐదు సార్లు 25 నిమిషాలు, అంటే 2 గంటల పైన. మిగిలేది 4 గంటల లోపు. దాన్ని ఐదుతో భాగిస్తే ఒక్కో ప్రదేశానికి 48 నిమిషాలు కూడా రావు.

గమనించండి. ఐదు ప్రదేశాలు అన్నప్పుడు మనకు ఐదు రెట్లు దొరకలేదు. ఉన్న సమయమే ఐదు ముక్కలైంది. అయితే అందరికీ ఇది చెడ్డ ఎంపిక అనడం న్యాయం కాదు. ఎక్కువ నడవలేని పెద్దలు కిటికీలోంచి సాల వనాలు చూస్తూ, గుడి దగ్గర దిగి దణ్ణం పెట్టుకుని సంతోషిస్తారు. అలాంటివారి కోసమైతే ఐదింటిలో రెండు మాత్రం ఉంచి మూడు తీసేయమని నిర్వాహకులను అడగవచ్చు. చిల్కిగఢ్, ఘాగ్రా ఉంచితే ఒక్కోచోట గంటన్నరకు పైగా దొరుకుతుంది.

3. స్థలానికీ ఒక గడియారం ఉంటుంది

గంటలు ఎన్ని మిగిలాయన్నది సగం ప్రశ్నే. ఆ గంటలు రోజులో ఏ వేళకు పడుతున్నాయన్నది మిగతా సగం. సినిమా హాలుకు ఆట వేళలు ఉన్నట్టే ప్రకృతికీ వేళలు ఉన్నాయి. కాకపోతే వాటిని బస్సు నిర్వాహకులు మార్చలేరు.

చాందీపూర్ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆటుపోట్లను మీరు భూగోళంలో వేలా తరంగాలు అని చదువుకున్నారు. చంద్రుని ఆకర్షణ ప్రధాన కారణం, సూర్యుని ఆకర్షణ సహాయ కారణం. తూర్పు తీరంలో సుమారు 24 గంటల 50 నిమిషాల్లో రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. అంటే ఆటు వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు నుంచి ఆటుకు 6 గంటలకు కొంచెం పైన పడుతుంది.

ఇప్పుడు ఈ జ్ఞానాన్ని యాత్రకు అన్వయిద్దాం. మన లెక్క ప్రకారం బస్సు 10 గంటల ప్రాంతంలో చాందీపూర్ చేరుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు తిరిగి బయలుదేరాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు పూర్తి ఆటు ఉందనుకుందాం. మనం చేరేసరికి సముద్రం వెనక్కి పోతూ ఉంటుంది, భోజనం వేళకు తడి ఇసుక మీద చాలా దూరం నడిచి రావచ్చు. యాత్ర ఫలించింది.

కానీ 50 సీట్లు నిండలేదని నిర్వాహకులు 'వచ్చే ఆదివారం వెళదాం' అన్నారనుకోండి. ఏడు రోజులకు రోజుకు 50 నిమిషాల చొప్పున 350 నిమిషాలు, అంటే దాదాపు 6 గంటలు జరుగుతుంది. అంతకుముందు ఆదివారం ఆటు ఉన్న వేళకు ఈ ఆదివారం పోటు ఉంటుంది! మనం నిలుచునే వేళకు నీరు ఒడ్డును తాకుతూ ఉంటుంది. వెనక్కి పోయే సముద్రాన్ని చూడాలని 135 కిలోమీటర్లు వచ్చినవారు మామూలు సముద్రాన్ని చూసి వెళతారు. అదే రెండు వారాలు వాయిదా వేసి ఉంటే ఆటు మళ్లీ దాదాపు పాత వేళకే, ఒక ముక్కాలు గంట ముందుగా వచ్చి ఉండేది. ఒక వారం వాయిదా యాత్రను పాడుచేసింది, రెండు వారాల వాయిదా పాడుచేయదు. ఈ చిన్న లెక్క తెలిసిన విద్యార్థి ఇంట్లో ఒక్కరుంటే చాలు.

దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. భారత సర్వేక్షణ సంస్థ ఏటా ఆటుపోట్ల పట్టికలు ప్రచురిస్తుంది. ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు కూడా ఉపయోగపడుతుంది. ఒక తీరంలో ఒక తిథినాడు ఆటు ఏ వేళకు వచ్చిందో తెలిస్తే, తరువాతి పక్షంలో అదే తిథికి దాదాపు అదే వేళకు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ ఎత్తుకు, ఆటు ఎక్కువ దూరానికి పోతాయి. అష్టమి దగ్గర ఈ తేడా తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. సముద్రం వెనక్కి పోయిందని ఎంత దూరమైనా నడవకూడదు. నేల చదునుగా ఉన్నచోట పోటు నీరు త్వరగా పరుచుకుంటుంది. పూర్తి ఆటు వేళ దాటగానే ఒడ్డు వైపు తిరగాలి. స్థానిక మత్స్యకారుల మాట వినాలి.

గన్‌గనికి ఇలాంటి రోజువారీ నియమం లేదు. అక్కడి గడియారం సూర్యుడిది, రుతువుది. మిట్టమధ్యాహ్నం ఎర్ర గోడల మధ్య నీడ తక్కువ, వేడి ఎక్కువ. ఏటవాలు వెలుగు పడినప్పుడే నేలలోని పొరలు, గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి. డిసెంబరులో అక్కడ సాయంత్రం సుమారు 5 గంటలకే పొద్దు గూకుతుంది. కనుక మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు మంచి వేళ. దూరం తక్కువ కావడం వల్ల కలిగే అసలు లాభం ఇదే. ఉదయం ఇంట్లో వంట చేసుకుని తీరిగ్గా బయలుదేరవచ్చు. వానాకాలంలో మాత్రం అంచులు జారతాయి, విరిగిపడతాయి. అప్పుడు పోకూడదు.

4. పేరును బట్టి కాదు, రూపాన్ని బట్టి

గన్‌గనికి 'బెంగాల్ గ్రాండ్ కేన్యన్' అని ప్రచారం ఉంది. అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటరుకు పైగా లోతు. గన్‌గని గోడల ఎత్తు పదుల అడుగుల్లోనే. ఆ పేరు విని వెళ్లినవారు 'ఇంతేనా' అనుకుని అరగంటలో తిరిగి బస్సెక్కుతారు. అది గన్‌గని తప్పు కాదు, పోలిక తప్పు.

అసలు అక్కడ చూడవలసింది ఏమిటి? వేడి, వాన రెండూ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో వేల సంవత్సరాలపాటు వాననీరు నేలలోని సిలికాను, సున్నం వంటి కరిగే పదార్థాలను కిందికి కడుక్కుపోతుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. ఎరుపు రంగు ఇనుముది. ఈ నేల గాలికి, ఎండకు ఆరితే రాయిలా గట్టిపడుతుంది. మలబారులో దీన్ని ఇటుకలుగా కోయడం చూసిన ఫ్రాన్సిస్ బుకానన్, లాటిన్‌లో ఇటుక అనే అర్థమున్న మాట నుంచి 1807లో దీనికి లాటరైట్ అని పేరు పెట్టాడు. పైపొర గట్టిది, కింది బంకమన్ను మెత్తనిది. నీరు మెత్తని పొరను తొలిచేస్తే గట్టి పొర పైకప్పులా నిలిచి, చివరకు విరిగి పడుతుంది. గన్‌గనిలో మీరు చూసే గుహలు, నిట్టనిలువు గోడలు ఈ విధంగా ఏర్పడినవే.

స్థానికుల కథ మరొకటి ఉంది. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని, ఆ పెనుగులాటలో నేల ఇలా చీలిందని చెబుతారు. ఏకచక్రపురం కథ తెలిసిన తెలుగు పిల్లలకు ఈ మాట ఆసక్తి కలిగిస్తుంది. కథను కథగా, భూమి చరిత్రను చరిత్రగా రెండూ తెలుసుకోండి.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇంకొక పోలిక దగ్గరగా ఉంది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. అవి లాటరైట్ కావు, సముద్రతీరపు ఎర్ర ఇసుక దిబ్బలు. కానీ వాటినీ వాననీరే గల్లీలుగా కోసింది. వాటిని 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు. తాతగారి ఊరి దగ్గరి ఎర్ర గల్లీలను, తాము పెరిగిన ఊరి దగ్గరి ఎర్ర గల్లీలను పోల్చి చూడడం కంటే మంచి భూగోళ పాఠం ఏముంటుంది?

5. బస్సు, డ్రైవరు, డబ్బు

డబ్బు విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్న 'తలకు ఎంత?' కాదు, 'ఎంతమంది మీద వేసిన లెక్క?' అనేది. బస్సు కిరాయి 15,000 రూపాయలు అనుకుందాం. 50 మందికి తలకు 300. చివరికి 30 మందే వస్తే 500. ఆ తేడా ఎవరు భరిస్తారు? టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా అందులో కలిసి ఉన్నాయా? వాయిదా పడితే డబ్బు తిరిగి ఇస్తారా? ఈ మాటలు బయలుదేరే ముందే కాగితం మీద రాయించుకోవాలి.

చాందీపూర్ వేరే రాష్ట్రంలో ఉంది. బస్సుకు ఒడిశాలో తిరిగే పర్మిట్ ఉండాలి. లేకపోతే సరిహద్దు దగ్గర మన నాలుగు గంటల్లో ఒక గంట పోవచ్చు. ఫిట్‌నెస్, బీమా కాగితాలు ఏ యాత్రకైనా అడగాలి.

డ్రైవరు గురించి ఎవరూ అడగరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటల పని అని హద్దు గీసింది. తరువాత చట్టాల పేర్లు మారాయి. కానీ నిద్ర లేని మనిషి కన్ను మారలేదు. ముందురోజు రాత్రి పెళ్లి బస్సు నడిపి వచ్చిన డ్రైవరు ఉదయం 6కు మన బస్సు ఎక్కితే ప్రమాదం ఎవరికి? 'నిన్న రాత్రి ఈ డ్రైవరుకు విశ్రాంతి ఉందా?' అని అడగడం అమర్యాద కాదు.

ఇంకొకటి. గడ్‌బేతా, ఝార్‌గ్రామ్ దారుల్లో సాల వనాలు ఉన్నాయి. దాల్మా వైపు నుంచి వచ్చే ఏనుగుల గుంపులు పంటల కాలంలో ఈ ప్రాంతాల్లో తిరుగుతాయి. కనుక అడవి దారిలో బాగా చీకటి పడేదాకా ఆలస్యం చేయకూడదు.

అసలు బస్సే కావాలా అని కూడా ఆలోచించండి. గడ్‌బేతాకు ఖరగ్‌పూర్ నుంచి రైలు ఉంది. స్టేషన్ నుంచి టోటోలో గన్‌గని చేరవచ్చు. నలుగురైదుగురు మిత్రులకు అది చవక. నానమ్మలు, పసిపిల్లలు, అన్నం గిన్నెలతో యాభై మంది వెళ్లాలంటే బస్సే సుఖం.

6. మన రాకవల్ల స్థలానికి ఏమవుతుంది?

గన్‌గని కోత వల్ల ఏర్పడింది, కోత వల్లనే కరిగిపోతుంది. అంచుల మీద నడిచే ప్రతి అడుగు ఆ పనిని తొందర చేస్తుంది. గోడల మీద పేర్లు చెక్కితే ఆ గాటులోకి నీరు దిగుతుంది. యాభై మంది భోజనం చేసిన విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు శిలావతిలో పడితే ఘాటాల్ వైపు పోతాయి. కనుక దిగడానికి కట్టిన మెట్లనే వాడండి. చెత్త కోసం రెండు సంచులు బస్సులోనే పెట్టుకోండి.

7. ఇక ఎంపిక

సెలవు తేదీ మార్చడానికి వీలు లేకపోతే, గుంపులో పెద్దలు, పసివారు ఉంటే, గన్‌గని మేలు. అది ఆ తేదీ కోసం మనల్ని ఇబ్బంది పెట్టదు. తేదీని మనమే నిర్ణయించుకోగలిగితే, ఏడు గంటల ప్రయాణానికి అందరూ తట్టుకోగలిగితే, మధ్యాహ్నం ఆటు ఉన్న రోజు చూసి చాందీపూర్ వెళ్లండి. ఆ రోజు దొరకకపోతే చాందీపూర్‌ను మరోసారికి వదిలేయండి. ప్రయాణమే వినోదం అనుకునేవారు మూడవ దారిని రెండు ప్రదేశాలకు కుదించుకోండి.

సారాంశం

యాత్రను ప్రదేశాల సంఖ్యతో కాక మిగిలే గంటలతో కొలవాలి. తేదీని, స్థలాన్ని విడివిడిగా కాక కలిపి ఎంచుకోవాలి. 'మనం అక్కడ నిలుచునే వేళకు ఆ స్థలం ఎలా ఉంటుంది?' అన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. తరువాత బస్సు, డ్రైవరు, డబ్బు గురించి అడగాలి.

అభ్యాసం

1. మీ ఊరి నుంచి ఒక రోజులో వెళ్లి రాగల మూడు ప్రకృతి విశేషాలను రాసి, ఒక్కొక్కదానికి మిగిలే గంటలు లెక్కించండి.

2. ఒక తీరంలో ఈరోజు ఉదయం 9 గంటలకు ఆటు ఉంటే, నాలుగు రోజుల తరువాత పగటి ఆటు సుమారు ఎన్ని గంటలకు వస్తుంది?

3. మీ ఇంట్లో ఎక్కువ నడవలేనివారిని ఒకరిని అడిగి, వారికి ఏ యాత్ర నచ్చుతుందో, ఎందుకో ఐదు వాక్యాలు రాయండి.

వచ్చే సెలవుకు మీ ఇంట్లో యాత్ర మాట వచ్చినప్పుడు కాగితం, కలం తీసుకుని పెద్దల పక్కన కూర్చోండి.